టస్కీగీకి ఒక్క రోజు చాలుతుందా? యూనివర్సిటీ కాకుండా ఊళ్లో ఏముంది?

మీరు అడిగినది ఇదీ: ఉండేది అట్లాంటాలో, ఇండియా నుంచి అత్తమామలు వచ్చారు, మామగారు అనంతపురం వైపు వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు కాబట్టి నల్లజాతి వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పనిచేసిన చోటు ఒక్కసారి చూడాలంటున్నారు. ఒక రోజులో అయిపోతుందా, యూనివర్సిటీ కాకుండా ఊళ్లో చూసేదేమైనా ఉందా, రివ్యూల్లో "ఊరంతా ఖాళీ, ఏమీ లేదు" అని రాస్తున్నారు, నిజమేనా?

సూటిగా చెప్తాను. పొద్దున్నే బయల్దేరితే ఒక రోజు చాలు. ఊళ్లో చూసేది ఉంది, చాలానే ఉంది. ఒకటే మాట: యూనివర్సిటీతో మొదలుపెట్టకండి, ఊరి మధ్య కోర్టు స్క్వేర్‌తో మొదలుపెట్టండి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది తిన్నగా క్యాంపస్‌కి వెళ్లి, కార్వర్ మ్యూజియం చూసి, రెండు ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. అలా చూస్తే అదొక మంచి కాలేజీలాగే కనిపిస్తుంది. ఆ కాలేజీ ఎవరి కళ్లెదుట, ఎవరిని కాచుకుంటూ నిలబడిందో తెలియాలంటే ముందు స్క్వేర్ చూడాలి. రెంటికీ మధ్య దూరం మైలుకి అటూ ఇటూ, ఈ ఊరి చరిత్ర మొత్తం ఆ మైలు దూరంలో జరిగిన పెనుగులాటే.

నేను అక్కడే ఎమ్మెస్ చేశాను. ఉద్యోగం వచ్చాక పక్కనున్న ఆబర్న్‌లో స్థిరపడ్డాను, ఇరవై మైళ్లు. ఇటువైపు వచ్చిన చుట్టాలను, స్నేహితులను, వాళ్ల చుట్టాలను కూడా తిప్పే డ్యూటీ ఎలాగో నా మీదే పడింది కాబట్టి ఏది చూపిస్తే ఎవరికి ఆసక్తో, ఎక్కడ పెద్దవాళ్లు అలసిపోతారో కొంచెం తెలుసు.

స్క్వేర్ సంగతి

టస్కీగీ అలబామా రాష్ట్రంలో మేకన్ కౌంటీకి కేంద్రం. 2020 జనగణన ప్రకారం జనాభా 9,395. నాలుగు వీధుల మధ్య చిన్న పార్కు, చుట్టూ పాత దుకాణాల వరస, ఓ పక్కన 1905 నాటి ఇటుకల కోర్టు, దాని మీద గడియారం గోపురం. అమెరికా దక్షిణాదిలో ఏ కౌంటీ కేంద్రానికి వెళ్లినా ఇంచుమించు ఇదే నమూనా. అసలు ఈ నేల క్రీక్ అనే ఆదివాసీ తెగవాళ్లది. 1832లో కుసెటా ఒప్పందంతో వాళ్ల భూమి చేతులు మారింది, అదే ఏడాది చివర్లో మేకన్ కౌంటీ ఏర్పడింది, మరుసటి ఏడాది ఊరు వెలిసింది, కొన్నేళ్లలోనే వాళ్లను పడమటికి తరిమేశారు. వాళ్ల స్థానంలో పత్తి తోటలు, వాటితోపాటు బానిసలు వచ్చారు. అందుకే అంతర్యుద్ధం ముగిసేనాటికి కౌంటీలో నల్లజాతివాళ్లే ఎక్కువ. ఇప్పటికీ అంతే.

అలాంటి చోట 1906లో కౌంటీ ప్రభుత్వం పార్కు స్థలాన్ని యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ అనే సంఘానికి రాసిచ్చేసింది, తెల్లవాళ్ల పార్కుగా ఉండాలని. కొన్నేళ్లకే నడిబొడ్డున కాన్ఫెడరేట్ సైనికుడి (అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలని పోరాడిన దక్షిణాది పక్షం) విగ్రహం లేచింది. నూరేళ్లు దాటేదాకా అక్కడే ఉంది. దాన్ని తీసేయాలని ఊరివాళ్లు ఎన్నిసార్లు గొంతెత్తినా స్థలం ఊరిది కాకపోవడమే అడ్డు. మేయర్లు, కౌన్సిల్, షెరీఫ్ అందరూ నల్లజాతివాళ్లే అయ్యాక కూడా అదే కథ, చివరికి వ్యవహారం కోర్టుకెక్కింది.

ఇప్పుడు ఇక్కడ నిలబడి మీ మామగారికి చెప్పాల్సిన అసలు కథ 1957ది. అప్పటిదాకా మ్యాపులో టస్కీగీ ఊరి హద్దు చక్కగా చతురస్రంలా ఉండేది. యూనివర్సిటీలో (అప్పుడు ఇన్‌స్టిట్యూట్ అనేవారు) ప్రొఫెసర్లు, పక్కనే మాజీ సైనికుల ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు, అంతా చదువుకున్నవాళ్లు, ఓటు హక్కు కోసం ఏళ్ల తరబడి పట్టు వదలకుండా నమోదు చేయించుకుంటున్నారు. సుమారు 400 మందికి ఓటు వచ్చేసరికి తెల్ల నాయకులకు టెన్షన్ పట్టుకుంది. ఇంకొన్నేళ్లు పోతే మునిసిపాలిటీ చేయి జారుతుంది కదా. దాంతో అలబామా శాసనసభ ఒక చట్టం చేసి ఊరి హద్దునే మార్చేసింది. చతురస్రం పోయి 28 పక్కలున్న వంకరటింకర ఆకారం వచ్చింది. నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప మిగతావాళ్లంతా రాత్రికి రాత్రి "ఊరి బయట" పడ్డారు. ఇన్‌స్టిట్యూట్ కూడా బయటే. తెల్ల ఓటరు ఒక్కడు కూడా బయటికి పోలేదు.

జనం ఏం చేశారంటే, కొనడం మానేశారు. ప్రొఫెసర్ చార్లెస్ గోమిలియన్ నడిపిన టస్కీగీ సివిక్ అసోసియేషన్ పిలుపుతో ఆ వేసవిలోనే ఈ స్క్వేర్ చుట్టూ ఉన్న తెల్లవాళ్ల దుకాణాల్లో అడుగు పెట్టడం ఆపేశారు. ఉప్పూ పప్పూ కావాలన్నా పక్క ఊళ్లకు పోయేవారు. రాష్ట్ర ప్రభుత్వం సోదాలు చేసింది, కేసులు పెట్టింది, అయినా ఎవరూ లొంగలేదు. చాలా దుకాణాలు మూతపడ్డాయి. ఇంకోపక్క ఫ్రెడ్ గ్రే అనే కుర్ర లాయరు, రోజా పార్క్స్ తరఫున వాదించినాయనే, కేసు వేశాడు. కింది కోర్టుల్లో ఓడిపోయారు. 1960 నవంబరులో సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా ఈ హద్దు చెల్లదంది: హద్దులు గీసుకునే అధికారం రాష్ట్రానికి ఉన్నంత మాత్రాన రంగు చూసి ఓటు లాగేసుకోవడానికి దాన్ని వాడకూడదు. గోమిలియన్ వర్సెస్ లైట్‌ఫుట్ కేసు ఇదే, లైట్‌ఫుట్ అప్పటి మేయరు. నియోజకవర్గాల హద్దుల గొడవ ఎక్కడ వచ్చినా అమెరికాలో లాయర్లు ఇప్పటికీ ఈ కేసు ఎత్తుతారు. ఇంత చిన్న ఊరి పేరు మీద!

మ్యాపు ఒకటి ముందే ప్రింట్ తీసుకుని వెళ్లండి, పాత చతురస్రం, దాని లోపల కొత్త హద్దు రెండూ ఉన్నది. నేను అందరికీ అదే చూపిస్తాను. స్క్వేర్‌లో నిలబడి ఆ కాగితం పట్టుకుని "మనం ఇక్కడ ఉన్నాం, క్యాంపస్ అదిగో ఆ గీత అవతల" అంటే చాలు, ఇంక వివరణ అక్కర్లేదు.

ఆ తీర్పుతో కథ సుఖాంతం అయిపోలేదు. 1963లో పదమూడు మంది నల్లజాతి పిల్లలను టస్కీగీ హైస్కూల్లో చేర్చుకోమని కోర్టు చెబితే గవర్నర్ వాలెస్ పోలీసుల్ని పంపి స్కూలే మూయించాడు. తెరుచుకున్నాక తెల్లవాళ్లు తమ పిల్లల్ని తీసుకెళ్లి ప్రైవేటు అకాడమీ పెట్టుకున్నారు. 1966 జనవరి 3 రాత్రి శామీ యంగ్ అనే విద్యార్థి, అంతకుముందు నేవీలో చేసినవాడు, పెట్రోలు బంకులో తెల్లవాళ్ల బాత్రూము దగ్గర జరిగిన గొడవలో తూటాకు బలయ్యాడు. కాల్చినవాణ్ణి అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ ఆ ఏడాది చివర్లో వదిలేసింది. ఆ తీర్పు వచ్చిన రాత్రి విద్యార్థులు స్క్వేర్‌కి వచ్చి సైనికుడి విగ్రహం మొహానికి నల్ల రంగు పూశారు, వీపు మీద పసుపు చార గీశారు. అదే 1966 నవంబరు ఎన్నికల్లో లూషస్ అమెర్సన్ షెరీఫ్‌గా గెలిచాడు, అంతర్యుద్ధం వెంటనే వచ్చిన పునర్నిర్మాణ కాలం తర్వాత దక్షిణాదిలో మొదటి నల్లజాతి షెరీఫ్. ఇవన్నీ ఈ నాలుగు వీధుల కూడలి చుట్టూ జరిగినవే.

ఇక మీరు రివ్యూల్లో చదివిన "ఖాళీ" గురించి. అబద్ధం కాదు. మూతపడ్డ షాపులు కనిపిస్తాయి. బాయ్‌కాట్‌తో కొన్ని పోయాయి, స్కూళ్ల గొడవ తర్వాత తెల్ల కుటుంబాలు వెళ్లిపోతూ డబ్బు కూడా పట్టుకుపోయాయి, ఆపైన హైవే మీద ఇరవై నిమిషాల్లో ఆబర్న్, ఓపెలైకా మాల్స్ వచ్చాయి. అందంగా ముస్తాబు చేసిన టూరిస్టు ఊరు కావాలంటే జార్జియాలోనే బోలెడున్నాయి, ఇంతదూరం రానక్కర్లేదు.

కాలేజీ ఎలా పుట్టిందంటే

దీని మొదలు కూడా ఓట్ల బేరమే. 1880 ఎన్నికల్లో ఒక తెల్ల అభ్యర్థి లూయిస్ ఆడమ్స్ అనే పెద్దమనిషి దగ్గరికి వచ్చి నల్లజాతి ఓట్లు వేయించమని అడిగాడు. ఆడమ్స్ ఒకప్పుడు బానిస, రేకుల పని, జోళ్ల పని, గుర్రపు జీనుల పని అన్నీ తెలిసినవాడు, ఊళ్లో ఆయన మాటకు విలువ. "మా పిల్లలకు బడి ఇప్పించండి, వేయిస్తాను" అన్నాడు. గెలిచినాయన మాట నిలబెట్టుకున్నాడు, టీచర్ల జీతాలకు ఏడాదికి 2,000 డాలర్లు మంజూరయ్యాయి. స్థలం లేదు, భవనం లేదు. ఆ జీతం మీద వచ్చిన పాతికేళ్ల కుర్రాడే బుకర్ టి. వాషింగ్టన్, ఆయనా బానిసగా పుట్టినవాడే. 1881 జూలై 4న ఒక చర్చి పక్క పాకలో 30 మందితో క్లాసు మొదలైంది. వాన పడితే కప్పు కారేది, పాఠం అయ్యేదాకా ఒక విద్యార్థి లేచి మాస్టారికి గొడుగు పట్టేవాడట.

తర్వాత కాలిపోయిన పాత పత్తి తోట ఒకటి, నూరెకరాలు, 500 డాలర్లకు కొన్నారు. ఇప్పటి క్యాంపస్ అదే. భవనాలకు ఇటుకలు కావాలి, కొనడానికి డబ్బుల్లేవు, ఇటుకలు కాల్చడం ఎవరికీ రాదు. మూడు బట్టీలు వరసగా పాడైపోయాయి. నాలుగోదానికి చేతిలో పైసా లేక వాషింగ్టన్ తన గడియారాన్ని మాంట్‌గోమరీలో 15 డాలర్లకు కుదువ పెట్టాడు. నాలుగో బట్టీ నిలిచింది, గడియారం మాత్రం మళ్లీ విడిపించుకోలేకపోయాడు. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు.

అందుకని క్యాంపస్‌లో ముందు ఇటుకలు చూడండి. చెప్తే నవ్వుకుంటారు గానీ, గోడకు దగ్గరగా వెళ్లి చూస్తే ఒక్కో ఇటుక ఒక్కో రంగు, కొన్ని ముదురు, కొన్ని పాలిపోయి, అంచులు కూడా ఒకేలా ఉండవు. విద్యార్థుల చేతులతో మలిచినవి, పాత భవనాలన్నీ అవే. గైడు ఉంటే ఎక్కడ బాగా కనిపిస్తాయో అడగండి. ఈ భవనాలకు ప్లాన్లు గీసిన రాబర్ట్ టేలర్ ఎంఐటీ నుంచి డిగ్రీ పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి, 1892. వాషింగ్టన్ ఉన్న ఇల్లు ది ఓక్స్ (1899) ఆయన గీసిందే. చాపెల్ కూడా ఆయనదే ఉండేది, 1942లో ఊరు చూసిపోదామని వచ్చి ఆ చాపెల్‌లోనే కుప్పకూలి చనిపోయాడు. అది 1957లో కాలిపోయింది. ఇప్పుడున్నది పాల్ రుడాల్ఫ్ డిజైన్, 1969 నాటిది. బయటి నుంచి చూస్తే పెద్ద ఇటుకల కోటలా ఉంటుంది, నచ్చకపోవచ్చు. లోపలికి వెళ్తే పైనుంచి దిగే వెలుతురు, వాలుగా నడిచే గోడలు, రంగు అద్దాల కిటికీలో నల్లజాతి భక్తిగీతాల బొమ్మలు. నాకు ఆ క్యాంపస్‌లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు. తాళం వేసి ఉంటే విజిటర్ సెంటర్లో అడిగితే చెప్తారు.

వాషింగ్టన్ విగ్రహం, 1922లో చార్లెస్ కెక్ చేసింది, అందరూ ఫొటో దిగేది. ఒక మనిషి మీద కప్పిన ముసుగును ఆయన ఎత్తుతున్నట్టు ఉంటుంది. ఇక్కడే కొన్నాళ్లు చదివిన నవలా రచయిత రాల్ఫ్ ఎలిసన్‌కు అది ఎత్తుతున్నట్టా, ఇంకా గట్టిగా కప్పుతున్నట్టా అనే అనుమానం వచ్చింది. అనుమానం ఊరికే రాలేదు. 1895లో మీ అట్లాంటాలోనే, ఇప్పుడు పీడ్‌మాంట్ పార్కు ఉన్నచోట, వాషింగ్టన్ ఇచ్చిన ప్రసంగంలో చేతిపనులు నేర్చుకుందాం, సమాన హక్కుల పోరాటం ఇప్పుడే వద్దు అన్నట్టు మాట్లాడాడని నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ లాంటివాళ్లు దులిపేశారు. నా మటుకు నాకు ఇద్దరూ అర్థమవుతారు. స్క్వేర్ చూశాక క్యాంపస్‌కి రమ్మంటున్నది ఇందుకే, ఆ రోజుల్లో మైలు దూరంలో ఆ కోర్టు పెట్టుకుని ఇంతకన్నా గట్టిగా మాట్లాడి ఉంటే బడి మిగిలేదా అనేది అక్కడ నిలబడితేనే తడుతుంది.

ఇక కార్వర్, మామగారి కోసం

మ్యూజియం ఒకప్పటి లాండ్రీ భవనంలో ఉంది. 1941లో ప్రారంభించడానికి హెన్రీ ఫోర్డ్ స్వయంగా వచ్చాడు. 1947లో అగ్నిప్రమాదంలో కార్వర్ వేసిన బొమ్మలు చాలా పోయాయి, మిగిలినవి ఉన్నాయి. ఆయన అల్లికపని, స్థానిక బంకమట్టితో తీసిన రంగులు, ల్యాబ్ సామాను చూడొచ్చు. 1896లో అయోవా నుంచి వచ్చేసరికి ఇక్కడ ల్యాబ్ లేదు, పారేసిన సీసాలు, డబ్బాలు ఏరుకొచ్చి విద్యార్థులతో కలిసి పరికరాలు చేసుకున్నాడు.

రెండు విషయాలు ముందే చెప్పి ఉంచండి. ఒకటి, పీనట్ బటర్ కార్వర్ కనిపెట్టలేదు. మన పిల్లల పుస్తకాల్లో కూడా ఇదే రాస్తారు, తప్పు. ఆయన 1916లో వేసిన కరపత్రంలో వేరుశనగను 105 రకాలుగా వండుకోవడం ఎలాగో ఉంది, కూరలు, సూపులు, రొట్టెలు, మిఠాయిలు. అదంతా రైతు ఇంటి ఆడవాళ్ల కోసం రాసింది. రెండోది ఇంకా ముఖ్యం: ఆయన రైతులకు చెప్పింది "పల్లీ వేయండి" అని కాదు, "పత్తి ఒక్కటే వేయకండి" అని. ఏటా పత్తే వేసి అలబామా నేల పీల్చిపిప్పి అయిపోయింది. కౌలు రైతుకు వేరే దారి లేదు, షావుకారు అప్పు ఇచ్చేది పత్తి మీదే. ఆపైన పత్తికాయల్ని తినేసే ముక్కుపురుగు దండయాత్ర. అలసందలు, వేరుశనగ, చిలగడదుంప మార్చి మార్చి వేస్తే కాయజాతి పంటల వేళ్ల బుడిపెల వల్ల నేలకు నత్రజని అందుతుంది, ఇంటికి తిండి దొరుకుతుంది అనేది ఆయన లెక్క. అడవిలో రాలిన ఆకు, చెరువు అడుగు మట్టి తెచ్చి ఎరువు చేసుకోమన్నాడు, కొనే ఎరువు వాళ్లకు అందదని తెలిసి. అనంతపురంలో వర్షాధార భూముల్లో పల్లీ ఒక్కదాన్నే నమ్ముకుని ఏమైందో మీ మామగారికి మనం చెప్పక్కర్లేదు, ఈ మాట ఆయన చెప్తారు, మీరు వినండి.

ఇంకోటి, ఆయన ఉద్యోగానికి నేరుగా తగిలేది. 1906లో కార్వర్ ఆలోచనతో ఒక గుర్రబ్బండి తయారైంది, జెసప్ వ్యాగన్ అంటారు, డబ్బిచ్చిన దాత పేరు మీద. నాగళ్లు, విత్తనాలు, వెన్న తీసే సామాను వేసుకుని రైతు దగ్గరికే వెళ్లి చూపించేది. అదే ఏడాది దాని మీద నియమితుడైన థామస్ క్యాంప్‌బెల్ అమెరికా వ్యవసాయ శాఖకు మొదటి నల్లజాతి విస్తరణాధికారి. కార్వర్‌కు గాంధీగారితో ఉత్తరాలు కూడా నడిచాయి, శాకాహారంలో ఏం తినాలో రాసి పంపేవాడు.

క్యాంపస్ శ్మశానంలో వాషింగ్టన్ పక్కనే కార్వర్ సమాధి. 1943 జనవరిలో పోయాడు. పేరుతోపాటు సంపద కూడా గడించగలిగి ఉండీ రెంటినీ పట్టించుకోలేదని రాతి మీద చెక్కి ఉంటుంది.

మోటన్ ఫీల్డ్

ఊరికి ఉత్తరంగా, హైవే ఎగ్జిట్‌కు దగ్గర్లోనే. నల్లజాతివాళ్లు విమానాలు నడపలేరని సైన్యం అనుకుంటున్న రోజుల్లో 1941లో ఇక్కడ నల్లజాతి యుద్ధ పైలట్లకు శిక్షణ మొదలైంది. ఎయిర్‌ఫీల్డ్ కట్టడానికి రోజెన్‌వాల్డ్ ఫండ్ అనే దాతృత్వ సంస్థ 175,000 డాలర్లు అప్పిచ్చింది. అంతకుముందే ఆ ఫండ్ ట్రస్టీల మీటింగుకి వచ్చిన ఎలెనార్ రూజ్‌వెల్ట్, అధ్యక్షుడి భార్య, వెంట ఉన్నవాళ్లు వద్దన్నా ఇక్కడి నల్లజాతి శిక్షకుడు చీఫ్ ఆండర్సన్ నడిపే చిన్న విమానం ఎక్కి చక్కర్లు కొట్టి వచ్చింది. 1942 మార్చిలో మొదటి బ్యాచ్‌లో ఐదుగురు పాసయ్యారు. మొత్తం మీద దాదాపు వెయ్యి మంది పైలట్లు టస్కీగీ నుంచి వచ్చారు. రెండు హ్యాంగర్లు మ్యూజియంగా ఉన్నాయి, పిల్లలు ఉంటే వాళ్లకు నచ్చేది ఇదే. "ఎర్ర తోక విమానాలు (ఈ పైలట్లు యుద్ధంలో నడిపినవి) కాపలా ఉండగా ఒక్క బాంబరు కూడా కూలలేదు" అని విని ఉంటారు, అది నిజం కాదు, రికార్డులు తిరగేస్తే పాతిక దాకా పోయాయి. అయినా తోటి దళాలతో పోలిస్తే తక్కువే. ఉన్న గొప్ప చాలదన్నట్టు అతిశయోక్తులు ఎందుకో నాకర్థం కాదు.

మాట్లాడక తప్పనిది

టస్కీగీ పేరు గూగుల్ చేస్తే ముందొచ్చేది సిఫిలిస్ ప్రయోగం. 1932 నుంచి 1972 దాకా, అమెరికా ప్రభుత్వ పబ్లిక్ హెల్త్ సర్వీస్ నడిపింది. మేకన్ కౌంటీ పేద రైతులు 600 మంది దాకా, అందులో 399 మందికి జబ్బు ఉంది. "మీకు చెడు రక్తం, వైద్యం చేస్తున్నాం" అని నమ్మించి, జబ్బు మనిషిని ఎలా తినేస్తుందో చూస్తూ కూర్చున్నారు. 1940ల మధ్యలో పెన్సిలిన్ మందుగా వచ్చాక కూడా ఇవ్వలేదు. తిండి, చనిపోతే అంత్యక్రియల ఖర్చు, వాళ్లకు దక్కింది ఇంతే. సిఫిలిస్ ఎక్కించారని కొందరు అంటారు, అది కాదు, ఉన్న జబ్బుకు మందు ఇవ్వకపోవడమే నేరం. 1972లో పత్రికల్లో బయటపడ్డాకే ఆగింది. మళ్లీ ఫ్రెడ్ గ్రేనే కేసు వేశాడు, కోటి డాలర్లకు రాజీ అయింది. 1997 మేలో క్లింటన్ క్షమాపణ చెప్పాడు. ఈరోజు మీరు ఏ ఆసుపత్రిలోనైనా సంతకం పెట్టే సమ్మతి పత్రం వెనుక ఈ మనుషులూ ఉన్నారు.

ఎక్కడ చూడాలంటే, స్క్వేర్ దగ్గరలో సౌత్ ఎల్మ్ స్ట్రీట్ మీద చిన్న హిస్టరీ సెంటర్ ఉంది, ఫ్రెడ్ గ్రే పూనికతో వచ్చిందే. క్రీక్ తెగవాళ్ల నుంచి ఈ ప్రయోగం దాకా మొత్తం కౌంటీ చరిత్ర అక్కడ ఉంటుంది. ఏడాది పొడవునా తెరిచి ఉండదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. మూసి ఉంటే మాత్రం నష్టమే, ఊళ్లో దానికి బదులు ఇంకోటి లేదు.

వదిలేయదగ్గవి: రోజా పార్క్స్ 1913లో ఇక్కడే పుట్టింది గానీ రెండేళ్లకే కుటుంబం వెళ్లిపోయింది, వెతుక్కుంటూ తిరగకండి. లయనెల్ రిచీ ఊరు ఇదే, కారులో పాటలు పెట్టుకుంటే సరిపోతుంది. క్యాంపస్ దగ్గర తెల్లటి స్తంభాల పాత భవంతి ఒకటి కనిపిస్తుంది, గ్రే కాలమ్స్, 1850లలో పత్తి తోటల యజమాని కట్టుకున్నది. ఇప్పుడు యూనివర్సిటీ ప్రెసిడెంటు ఇల్లు. లోపలికి పోనివ్వరు, కారు ఆపి ఒకసారి చూడండి చాలు.

వెళ్లేముందు

అట్లాంటా నుంచి ఐ-85 మీద రెండు గంటల పైచిలుకు, ఎగ్జిట్ 38. అలబామాలోకి రాగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది, కాబట్టి పొద్దున ఏడున్నరకు బయల్దేరినా తొమ్మిది లోపే స్క్వేర్‌లో ఉంటారు. వచ్చేటప్పుడు మాత్రం ఆ గంట మళ్లీ పోతుందని గుర్తుంచుకోండి, డిన్నర్ ప్లాన్లు దాన్నిబట్టి. మ్యూజియం, ది ఓక్స్, మోటన్ ఫీల్డ్ మూడూ నేషనల్ పార్క్ సర్వీసువే, టికెట్ లేదు. కానీ అన్నీ అన్ని రోజులూ తెరవరు, ది ఓక్స్ లోపలికి ఎప్పుడు తీసుకెళ్తారో ముందురోజు వాళ్ల పేజీలో చూసుకోవాలి. ఆదివారం అసలు పెట్టుకోకండి. నా వరస: స్క్వేర్, హిస్టరీ సెంటర్, క్యాంపస్, భోజనం, చివర మోటన్ ఫీల్డ్, ఎందుకంటే అది హైవే దారిలోనే.

చాలామంది అడిగే ఇంకో ప్రశ్న, పనిలో పనిగా అదే రోజు మాంట్‌గోమరీ కూడా చూసేయొచ్చా అని. దూరం నలభై మైళ్లే గానీ వద్దు. అక్కడి మ్యూజియంలకు ఒక పూట చాలదు, పెద్దవాళ్లతో రెండూ అంటే ఏదీ చూసినట్టుండదు. రాత్రికి అక్కడ రూము తీసుకుని మర్నాడు చూస్తే వేరే సంగతి.

అత్తగారికి మోకాళ్ల నొప్పులన్నారు కదా, క్యాంపస్‌లో ఎత్తుపల్లాలు ఉన్నాయి, ఎండ కూడా మామూలుగా ఉండదు. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి కారులోనే తిప్పండి, సెలవుల్లో పార్కింగ్‌కి ఇబ్బంది లేదు. శాకాహారులైతే ఊళ్లో దొరికేది తక్కువ, పులిహోర, పెరుగన్నం కట్టుకుని రండి, తినడానికి క్యాంపస్‌లో చెట్ల కింద బెంచీలు బోలెడు. టీ మాత్రం ఫ్లాస్కులో తెచ్చుకోండి, ఇక్కడ టీ అడిగితే ఐసు వేసిన తీపి నీళ్లు ఇస్తారు.